లాగూన్ బురద తీయబోయే ముందు

చిరంజీవి వాణికి ఆశీస్సులు.

లాగూన్ (సముద్రపు ఒడ్డున ఉండే ఉప్పునీటి సరస్సు) బురదలో లోహాలు ఎంత ముప్పో కొలవడానికి నువ్వు పంపిన ప్లాన్ చదివానమ్మా. శాంపిళ్లు ఎక్కడెక్కడ తీయాలో, ఏ యంత్రంలో కొలవాలో చక్కగా రాసుకున్నావు. దేనితో పోల్చాలన్న సంగతి మాత్రం "షేల్ సగటు విలువలు" (షేల్ అనే బంకమట్టి రాతిలో సగటున ఉండే లోహాల మోతాదులు) అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ముప్పు లెక్కంతా నిలబడేది దాని మీదే. తూకపు రాయి తప్పయితే తూకం ఎంత జాగ్రత్తగా వేసి ఏం లాభం?

కాడ్మియం సంగతే చూడు. స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ హోకన్‌సన్ 1980లో ఇచ్చిన పద్ధతిలో, కొలిచిన మోతాదును సహజ మోతాదుతో భాగించి, ఆ లోహపు విషప్రభావ గుణకంతో గుణిస్తే ముప్పు వస్తుంది. కాడ్మియం గుణకం 30. జింక్‌ది 1 మాత్రమే. నీ బురదలో కిలోకు 0.3 మిల్లీగ్రాముల కాడ్మియం వచ్చిందనుకో. టురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రవేత్తలు 1961లో వేసిన షేల్ పట్టికలోనూ 0.3 ఉంది కాబట్టి ముప్పు 30 వస్తుంది. 40 దాటలేదు గనక "తక్కువ" అని రాసేస్తావు. ఆ లాగూన్‌లో సహజంగా ఉండే మోతాదు 0.1 అయితే? అదే బురదకు 90 వస్తుంది. "తక్కువ", "మధ్యస్థం" రెండూ దాటి పై మెట్టెక్కి కూర్చుంటుంది.

అందుకని కనీసం ఒకటి రెండు చోట్ల గొట్టం దింపి లోతైన కోర్ (పొరలు చెదరని నిలువు మట్టి కడ్డీ) తియ్యి. పరిశ్రమలు రాకముందు పేరుకున్న అడుగు పొరే నీకు అసలైన కొలబద్ద. పొరల వయసు సీసం-210 అనే రేడియోధార్మిక సీసంతో కట్టించు. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు, కాబట్టి వందేళ్ల పైచిలుకు వరకే నమ్మకం. పడవలు తిరిగేచోట, పూడిక తీసినచోట, పీతలు బొరియలు చేసినచోట పొరలు కలిసిపోయి ఉంటాయి, అక్కడ కోర్ తీయడం దండగ.

ఇంకోటి. షేల్ విలువలు మట్టిని పూర్తిగా కరిగిస్తే వచ్చే మొత్తాలు. నువ్వు ఆక్వా రీజియాతో (ఘాటైన ఆమ్లాల మిశ్రమంతో) కరిగిస్తే సిలికేట్ ఖనిజాలలో చిక్కుకున్న లోహం కొంత బయటికి రాదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టకు. ఇసుక ఎక్కువున్న చోట లోహాలు తక్కువ కనబడితే శుభ్రంగా ఉందని మురిసిపోవద్దు, లోహాలు పట్టుకునేది సన్నటి బంకమట్టిని. 63 మైక్రాన్ల లోపు భాగాన్నే కొలువు, లేదా అల్యూమినియంతో సరిచెయ్యి.

అన్ని లోహాల ముప్పులూ కూడితే వచ్చే మొత్తం ముప్పు సూచికకు 150, 300, 600 అనే హద్దులు అందరూ కళ్లు మూసుకుని వాడేస్తుంటారు. హోకన్‌సన్ అవి పెట్టింది పీసీబీలతో (పరిశ్రమల్లో వాడిన విష రసాయనాలతో) కలిపి 8 కాలుష్యకాలకు. నువ్వు కొలిచేది ఐదు లోహాలు, అందులో పాదరసం లేనే లేదు. అప్పుడు 150 లోపు రాక ఏమవుతుంది? హద్దులు తగ్గించుకో, ఎందుకు తగ్గించావో రాయి.

ఈ సూచికలేవీ ఆక్సిజన్ సంగతి పట్టించుకోవు. గాలి తగలని నల్ల బురదలో చాలా లోహాలు సల్ఫైడ్లుగా బందీ అయి ఉంటాయి. పూడిక తీసి కలియబెడితే ఆక్సిజన్ తగిలి విడిపోతాయి. ఉప్పదనం పెరిగినా కాడ్మియం క్లోరైడ్‌తో జతకట్టి నీళ్లలోకి జారుకుంటుంది. అందుకే ప్రతి చోటా ఉప్పదనం రాసుకో, లాగూన్ సముద్రంలో కలిసే మొగ తెరిచి ఉందో మూసుకుందో కూడా. కొన్ని శాంపిళ్లకైనా సల్ఫైడ్ పరీక్ష చేయించు. వాటికి గాలి తగలకుండా మూసి, వెంటనే చల్లబరచాలి.

గ్రాబ్ (అడుగు బురదను పట్టి తెచ్చే పరికరం) గోడకు తగిలిన మట్టి వదిలేసి, నడిమి భాగాన్ని ప్లాస్టిక్ చెంచాతో తియ్యి.

కోర్ తెరిచిన రోజే పొరల ఫొటోలు పంపు. ఏ లోతు నుంచి సహజ మోతాదు తీసుకోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య