మంచు కొండలకు ఏ రైలు ఎక్కాలి?

ప్రశ్న: జూన్ నెలలో అమ్మానాన్నలతో కలిసి స్విట్జర్లాండ్ వెళుతున్నాం. ఇద్దరికీ డెబ్బై దాటాయి. యుంగ్‌ఫ్రావుయోఖ్, గోర్నర్‌గ్రాట్ కొండ రైళ్లలో ఒకదానికే సమయం ఉంది. దేనికి వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దారి పొడవునా కిటికీలోంచి కొండలు చూస్తూ వెళ్లాలన్నది మీ కోరికైతే గోర్నర్‌గ్రాట్‌కే వెళ్లండి. యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వే స్టేషన్ (3,454 మీటర్లు) అన్న పేరు విని మనవాళ్లు ఎక్కువగా యుంగ్‌ఫ్రావుయోఖ్ వైపే మొగ్గుతారు. అయితే 1912లో పూర్తయిన ఆ తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు మార్గంలో దాదాపు ఏడు కిలోమీటర్లు ఐగర్, మోంక్ పర్వతాలను తొలిచిన సొరంగంలోనే సాగుతాయి. పైకి చేరాక కనిపించే ఆలెచ్ హిమానీనదం అద్భుతమే, కాదనను. పైగా అక్కడ ఏ కాలంలోనైనా మంచు మీద నడవవచ్చు. మంచే ముఖ్యమనుకుంటే మాత్రం నా సలహా పక్కన పెట్టి అటే వెళ్లండి.

గోర్నర్‌గ్రాట్ రైలు కొండ దిగువనున్న జెర్మాట్ అనే ఊళ్లో బయలుదేరి, అరగంటకు కాస్త ఎక్కువ సమయంలో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. జెర్మాట్‌లోకి పెట్రోలు కార్లను రానివ్వరు కాబట్టి కారులో వచ్చేవారు దానిని టేష్‌లో నిలిపి, అక్కడి నుంచి రైలులో రావాలి. ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చుంటే 4,478 మీటర్ల మాటర్‌హార్న్ బాగా కనిపిస్తుంది. ఆ శిఖరం ప్రతిబింబం కనిపించే రిఫెల్‌సే సరస్సు దారిలోని రోటెన్‌బోడెన్ స్టేషన్‌కు కొద్ది దూరంలోనే ఉన్నా, జూన్ మొదట్లో దాని మీద ఇంకా మంచు ఉండవచ్చు. సరస్సు నుంచి స్టేషన్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఎగువకు నడవాలి కనుక మోకాళ్ల నొప్పులుంటే మానుకోవడమే మంచిది.

రెండు చోట్లా ఎత్తు మూడు వేల మీటర్లకు పైనే. అక్కడి గాలిలో ప్రాణవాయువు మన ఊళ్లో కంటే బాగా తక్కువగా అందుతుంది కాబట్టి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. పైన నెమ్మదిగా నడవాలి, తలనొప్పి, ఆయాసం మొదలైతే వెంటనే దిగిపోవాలి. టికెట్టు కొనే ముందు, ఆ ఉదయం పైనున్న కెమెరాల ప్రత్యక్ష ప్రసారం చూడండి. మబ్బు కమ్మితే ఎంత డబ్బు పోసినా కనిపించేది తెల్లని గోడే. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా రెండు చోట్లా పైదాకా ఉచితం కాదు, రాయితీ మాత్రమే ఇస్తారు.

ప్రశ్న: అంత ఏటవాలులో రైలు జారిపోదా? నాన్నగారికి భయం.
– అదే పాఠకురాలు

జవాబు: జారదు. పట్టాల నడుమ పళ్లున్న మరో పట్టా ఉంటుంది. రైలు అడుగున ఉన్న పళ్ల చక్రం దానిని పట్టుకుని ఎక్కుతుంది. ఆబ్ట్ పద్ధతి అనే ఈ ఏర్పాటే మన ఊటీ రైలు మార్గంలోనూ, మెట్టుపాళయం, కూనూరుల మధ్య ఉంది. అయితే అక్కడ ఏటవాలు పన్నెండు అడుగులకు ఒక అడుగైతే, గోర్నర్‌గ్రాట్‌లో అది అయిదు అడుగులకు ఒక అడుగు దాకా ఉంటుంది. 1898లో మొదలైన నాటి నుంచీ అది విద్యుత్తుతోనే నడుస్తోంది; దిగే రైలు మోటార్లు వేగాన్ని అదుపులో ఉంచుతూ విద్యుత్తును తిరిగి తీగల్లోకి పంపిస్తాయని నాన్నగారికి చెప్పండి.