నాకు నచ్చిన సిట్‌కామ్‌లన్నీ హోటల్లోనే ఎందుకు జరుగుతాయి?

ప్రశ్న ఇది: టీవీలో వచ్చిన సిట్‌కామ్‌లలో, అంటే అవే మనుషులు, అదే చోటుతో భాగాలు భాగాలుగా నడిచే హాస్య సీరియళ్లలో, మీకు బాగా నచ్చినవి ఏవి, వాటిలో నవ్వు ఎక్కడి నుంచి పుడుతుంది?

నా జవాబు హోటల్ గల్లాపెట్టె దగ్గర మొదలవుతుంది. మా నాన్న ఏలూరులో ముప్ఫై ఏళ్లు టిఫిన్ హోటల్ నడిపారు. ఆరు బల్లలు, ఒక అట్ల పెనం, ఒక గ్రైండరు, ఒక మాస్టరు, ఇద్దరు సర్వర్లు. బడి వదలగానే నేను వచ్చి నాన్న పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చునేదాన్ని. లెక్కలు నేర్చుకున్నది అక్కడే, మనుషులను చూడటం నేర్చుకున్నదీ అక్కడే.

ఆదివారం రాత్రి పిండి మిగిలినా సరే, నాన్న తొందరగా పొయ్యి ఆర్పించేవారు. గోడకు కొట్టిన చెక్క బల్ల మీద చిన్న టీవీ ఉండేది. ఖాళీ నూనె డబ్బాలు బోర్లించి మాస్టరూ సర్వర్లూ కూర్చునేవారు. అప్పుడు జెమిని టీవీలో 'అమృతం' వచ్చేది. 2001 నవంబరులో మొదలై 2007 నవంబరు దాకా, మూడు వందలకు పైగా భాగాలు. గుణ్ణం గంగరాజు గారి నిర్మాణం. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు కలిసి 'అమృత విలాస్' అనే హోటల్ నడుపుతుంటారు. వాళ్ల సర్వర్ సర్వం. వాళ్లు అద్దెకున్న చోటుకు యజమాని అప్పాజీ. హోటల్ నడిపేవాళ్లు కూర్చుని హోటల్ నడిపేవాళ్ల కథ చూస్తున్నారన్నమాట.

అక్కడే నేనొకటి గమనించాను. ఎవరైనా జారిపడితే మా సర్వర్లు పగలబడి నవ్వేవారు. నాన్న నవ్వేవారు కాదు. హోటల్లో తడి నేల మీద జారిపడటం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. సాంబారు గిన్నెతో సహా పడితే ఆ నొప్పీ తెలుసు, ఆ నష్టమూ తెలుసు. ఆయన నవ్వు వేరేచోట వచ్చేది. అద్దె కట్టాల్సిన రోజుల్లో అప్పాజీ గుమ్మంలో కనిపించాడనుకోండి. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు, హాస్యమనేదేమీ జరగలేదు. అమృతరావు ముఖంలో రంగు మారింది, అంతే. నాన్న భుజాలు కదిలేవి. కళ్లు తుడుచుకుంటూ నవ్వేవారు. మాట కన్నా ముందే వచ్చే ఆ నవ్వును చూసి, సిట్‌కామ్ అంటే జోకుల మూట కాదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. ఈ మనిషి ఇప్పుడు ఏం చేస్తాడో మనకు తెలుసు. ఏం చెయ్యకూడదో కూడా తెలుసు. వాడు సరిగ్గా అదే చేస్తాడు. ఆ ఎదురుచూపులోనే నవ్వంతా ఉంది.

అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ పోషించారు. మామూలుగా కథానాయకుడు మారితే సీరియల్ కూలిపోవాలి. మారినప్పుడల్లా మా హోటల్లో ఒకటి రెండు వారాలు సణుగుడు ఉండేది, తర్వాత అందరూ మరిచిపోయేవారు. నిలబెట్టింది ఏమిటని ఆలోచిస్తే నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి, పక్కన గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు కదలకుండా ఉన్నాడు. ఆయన 2018లో పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు అనిపించింది. రెండోది, వాళ్లిద్దరి ఇరుకు మారలేదు. అదే హోటల్, అదే అద్దె, అవే రెండు ఇళ్లు, ఈసారి దశ తిరుగుతుందన్న అదే ఆశ. ఏ నటుడు వచ్చి ఆ ఇరుకులో నిలబడినా నవ్వు పుట్టింది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో ఒక స్నేహితురాలి పెన్‌డ్రైవ్‌లో బ్రిటిష్ సిట్‌కామ్ 'ఫాల్టీ టవర్స్' దొరికింది. మొదటి పది నిమిషాలు ఆ యాస చెవికి ఎక్కలేదు. తర్వాత కథ హోటల్‌ది అని తెలిసి నిటారుగా కూర్చున్నాను. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో టోర్కీ అనే ఊళ్లో ఒక చిన్న హోటల్. యజమాని బాసిల్ ఫాల్టీగా జాన్ క్లీస్. ఆయనా, అప్పటి ఆయన భార్య కానీ బూతూ కలిసి రాశారు. ఆమె అందులో పాలీ అనే సర్వర్‌గా నటించింది కూడా. క్లీస్ తన హాస్య బృందంతో 1970లో టోర్కీలోని ఒక హోటల్లో దిగినప్పుడు అక్కడి యజమాని తీరు చూసి ఈ పాత్రకు బీజం వేసుకున్నారు. 1975లో ఆరు భాగాలు, 1979లో ఆరు భాగాలు. మొత్తం పన్నెండే. నాకు ఆ సంఖ్య మీద గొప్ప గౌరవం. బాగున్నంత వరకే రాసి ఆపేశారు.

అందులో ఒక భాగం నన్ను మా హోటల్‌కే తీసుకుపోయింది. ఊళ్లో హోటళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు తిరుగుతున్నారని బాసిల్‌కు తెలుస్తుంది. విసిగించే ఒక అతిథే ఇన్‌స్పెక్టర్ అనుకుని అతనికి అడుగులకు మడుగులొత్తుతాడు. తీరా చూస్తే అతను చెంచాలు అమ్ముకునే మనిషి. ఆ కోపంలో బాసిల్ అతనికి చెయ్యగూడనంత మర్యాద చేసి పంపే వేళకు అసలు ఇన్‌స్పెక్టర్లు ముగ్గురూ ఎదురుగా నిలబడి ఉంటారు.

మా హోటల్‌కు ఒకసారి శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. నాన్న ఎదురెళ్లి నమస్కారం పెట్టారు. సరిగ్గా అప్పుడే ఆయన తల వెనుక గోడ మీద, క్యాలెండరు అంచు నుంచి, ఒక బల్లి బయటికి వచ్చింది. నేను స్టూలు మీద నుంచి చూస్తున్నాను. నాన్న కూడా చూశారు. ఆయన మెల్లగా ఒక అడుగు పక్కకు జరిగి తలతో బల్లిని కప్పేశారు. బల్లి ఇంకొంచెం పైకి పాకింది. నాన్న మునివేళ్ల మీద లేచారు. ఇన్‌స్పెక్టర్ లైసెన్సు కాగితాలు తిరగేస్తూ ఏదో అడుగుతున్నారు, నాన్న మునివేళ్ల మీదే నిలబడి "అవునండీ, అలాగేనండీ" అంటున్నారు. నాకు భయంతో చేతులు చల్లబడ్డాయి. ఆ రాత్రి అమ్మకు చెబుతూ అదే దృశ్యానికి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. జరిగేటప్పుడు నాన్నకు అది బతుకుతెరువు. లైసెన్సు పోతే మా చదువులు ఆగిపోతాయి. ఆయన ఆ క్షణంలో ఎవరినీ నవ్వించాలని అనుకోలేదు. బాసిల్ కూడా ఒక్క క్షణం కూడా అలా అనుకోడు. నటుడికి తాను హాస్యం చేస్తున్నానని తెలిసిపోయి కళ్లలో మెరుపు కనబడితే నాకు నవ్వు ఆగిపోతుంది. టీవీలో వచ్చే అనేక హాస్య కార్యక్రమాలు నేను చూడలేకపోవడానికి కారణం ఇదే. అక్కడ అందరికీ అంతా తెలుసు.

ఫాల్టీ టవర్స్‌లో నన్ను కొంతకాలం ఇబ్బంది పెట్టిన పాత్ర మాన్యుయెల్. బార్సిలోనా నుంచి వచ్చిన సర్వర్, ఇంగ్లిషు అంతంత మాత్రం. ఆండ్రూ సాక్స్ పోషించారు. భాష రాని పేదవాడిని చూసి నవ్వడం న్యాయమేనా అని మనసు పీకింది. స్పెయిన్‌లో దాన్ని ప్రసారం చేసినప్పుడు అతన్ని ఇటలీవాడిగా మార్చారంటే వాళ్లకూ ఆ ఇబ్బంది తగిలినట్టే. మళ్లీ మళ్లీ చూశాక నా అభిప్రాయం మారింది. మా హోటల్లో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు పనిచేసేవాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. నాన్న "గరిటె" అంటే వాడు గిన్నె తెచ్చేవాడు. నాన్న అదే మాటను ఇంకొంచెం గట్టిగా అనేవారు. వాడు ఇంకొంచెం పెద్ద గిన్నె తెచ్చేవాడు. గట్టిగా చెబితే భాష అర్థమవుతుందన్న నమ్మకం నాన్నది. బాసిల్‌ది కూడా అదే నమ్మకం. నవ్వు మాన్యుయెల్ మీద పడటం లేదు, అరిచేవాడి మీద పడుతోంది. అయినా బాసిల్ అతని నెత్తి మీద కొట్టే చోట్ల నాకు ఇప్పటికీ నవ్వు రాదు. అక్కడ కొట్టేవాడు యజమాని, దెబ్బలు తినేవాడు కూలీ.

మూడో హోటల్ అమెరికాది. 'సైన్‌ఫెల్డ్' అనే సిట్‌కామ్ 1989 నుంచి 1998 దాకా వచ్చింది. 1991లో ప్రసారమైన ఒక భాగంలో ముగ్గురు మిత్రులు ఒక చైనీస్ రెస్టారెంటులో బల్ల కోసం ఎదురుచూస్తారు. కథ మొత్తం అంతే. ఇందులో ఏమీ జరగడం లేదని ఛానెల్ పెద్దలు అభ్యంతరం చెప్పారు కూడా. అక్కడి మనిషి ప్రతిసారీ "అయిదు పది నిమిషాలు" అంటాడు. ఆ ముగ్గురిలో ఒకతె అయిన ఎలేన్‌కు ఆకలి ముదిరి, పక్క బల్ల మీది తినుబండారం ఎత్తుకొచ్చి తినేస్తే యాభై డాలర్లు ఇస్తామన్న పందానికి కూడా సిద్ధపడుతుంది. ఓపిక నశించి ముగ్గురూ బయటికి నడుస్తారు. తలుపు మూసుకోగానే లోపలి మనిషి వాళ్ల పేరు పిలుస్తాడు.

హోటల్ పిల్లను కాబట్టి నేను దాన్ని ఆ పిలిచే మనిషి వైపు నుంచి చూస్తాను. ఆదివారం ఉదయం పెసరట్టు ఉప్మా కోసం జనం మా గుమ్మం దాకా నిలబడేవారు. "ఎంతసేపు?" అంటే నాన్న "అయిదే నిమిషాలు" అనేవారు. ఆ అయిదు నిమిషాలు ఎప్పుడూ అయిదు కాదు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పేవారు కాదు, ఆకలిగా ఉన్న మనిషి ముఖం మీద "అరగంట" అనే మాట ఆయనకు రాదు. ఆ సీరియల్ రాసినవాళ్లలో ముఖ్యుడైన లారీ డేవిడ్ ఒక నియమం పెట్టుకున్నారు: చివర్లో కౌగిలింతలు ఉండకూడదు, ఎవరూ ఏమీ నేర్చుకోకూడదు. ఈ నియమం నాకు ప్రాణం. ఇరవై నిమిషాలు నవ్వించి, చివరి రెండు నిమిషాల్లో మెత్తని సంగీతం పెట్టి అందరినీ మంచివాళ్లను చేసే సీరియళ్లు నాకు సగం తిన్న దోసెలా ఉంటాయి. వారం తిరిగేసరికి ఆ మనుషులు మళ్లీ అవే తప్పులు చెయ్యాలి కదా. నేర్చుకున్నారంటే ఎలా నమ్మను?

'ఫ్రెండ్స్' అనే అమెరికన్ సిట్‌కామ్ గురించి చాలామంది అడుగుతారు. పది సీజన్లూ చూశాను, జ్వరం వస్తే ఇప్పటికీ పెడతాను. అది నాకు నవ్వు కన్నా తోడు ఎక్కువ.

వెనకాల వినిపించే నవ్వుల మాట కూడా చెప్పాలి. అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు రికార్డు చేసిన నవ్వులను మీటలు నొక్కి వినిపించే యంత్రం తయారుచేశారు. రకరకాల నవ్వులు, ఎక్కడ ఎంత కావాలంటే అంత. కొరియా యుద్ధంలోని సైనిక వైద్యుల మీద 1972 నుంచి 1983 దాకా వచ్చిన 'మాష్' అనే సీరియల్‌కు ఛానెల్ ఆ నవ్వులు పెట్టించింది. కానీ తీసినవాళ్లు పట్టుబట్టి ఒక మినహాయింపు సాధించారు: ఆపరేషన్ గదిలో మాత్రం నవ్వులు వినిపించకూడదు. కత్తి పట్టుకున్న డాక్టరు అక్కడ కూడా హాస్యమాడతాడు, గది మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ నవ్వమని చెప్పకపోయినా నాకు ఎక్కువ నవ్వు వచ్చేది, వెంటనే గొంతు పట్టేసేదీ ఆ గదిలోనే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హోటల్ మూతపడింది. నాన్న జీవితంలో అన్ని రోజులు ఖాళీగా కూర్చోవడం అదే మొదలు. ఉదయం నాలుగింటికే లేచి, చెయ్యడానికి పనేమీ లేక వరండాలో తిరిగేవారు. ఒక రాత్రి ధైర్యం చేసి ఫాల్టీ టవర్స్‌లో విందు భాగం పెట్టాను. ఆయనకు ఇంగ్లిషు రాదు, పక్కన కూర్చుని చెబుతూ వచ్చాను. ఊళ్లో పెద్దవాళ్లను పిలిచి బాసిల్ ప్రత్యేక విందు ఏర్పాటు చేస్తాడు. వంటవాడు తాగి పడిపోతాడు. ఇక మెనూలో మిగిలింది బాతు ఒక్కటే: నారింజతో బాతు, చెర్రీలతో బాతు, మూడోది ఆ రెండూ లేని బాతు. "అంటే పిండి అయిపోయాక మన ఉప్మాలాగా" అన్నారు నాన్న. వేరే హోటల్ నుంచి తెచ్చిన బాతు వంటగదిలో నేలపాలవుతుంది. రెండోసారి తెస్తుంటే దారిలో కారు ఆగిపోతుంది. బాసిల్ కారును హెచ్చరిస్తాడు, మూడు అంకెలు లెక్కపెడతాడు, అయినా అది కదలదు. దిగి ఎటో పరుగెడతాడు. తెర మీద కారు ఒక్కటే మిగులుతుంది. తర్వాత చెట్టుకొమ్మ పట్టుకొచ్చి దాన్ని చితకబాదుతాడు.

"ఇక చెప్పకు అమ్మా, అర్థమవుతోంది" అన్నారు నాన్న. పాత గ్రైండరును ఆయన ఎన్నిసార్లు తిట్టారో నాకు తెలుసు.

చివరికి బాసిల్ పరుగున వచ్చి అతిథుల ముందు మూత తీస్తాడు. లోపల బాతు లేదు, పళ్లెం మారిపోయి తీపి వంటకం వచ్చింది. అతను మూత పెట్టి మళ్లీ తీస్తాడు. రెండు చేతులూ ఆ క్రీములో ముంచి బాతు కోసం వెతుకుతాడు. నాన్న కుర్చీలో వెనక్కి వాలిపోయి, ఊపిరి అందక, చేత్తో ఆపమన్నట్టు సైగ చేశారు. ఆయన అంతగా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో.

టీవీ కట్టేసి పడుకున్నాం. దీపం ఆర్పాక పక్క గదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, మరి ఆ వచ్చినవాళ్లు ఆకలితోనే వెళ్లిపోయారా?"