నడక సరే, ఆ నొప్పి మాత్రల సంగతేంటి?

ప్రశ్న: మాది వింజమూరు. వయసు 48. స్నేహితులం ఎనిమిదిమందిమి వచ్చే నెల నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుమలకు నడిచి వెళ్తున్నాం. చెప్పులు లేకుండా, ఒంటిపూట భోజనంతో వస్తానని మొక్కుకున్నాను. షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్-మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్-హెచ్ వాడుతున్నాను. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటే తగ్గుతోంది. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయి కానీ ఇబ్బందేమీ లేదు. నడిచేటప్పుడు మోకాలికి క్యాప్ వేసుకోవాలా? ఏ నూనె రాస్తే మంచిది?

జవాబు: క్యాప్ మరీ బిగుతుగా లేకుంటే వేసుకోండి. నూనె ఏదైనా పెద్ద తేడా ఉండదు. పేరు కూడా రాయని ఆ మాత్రలు, ‘ఇబ్బందేమీ లేదు’ అని మీరు తేల్చేసిన ఆ తిమ్మిరి, నా టెన్షన్ ఈ రెండింటి గురించే.

మోకాళ్ల నొప్పి అనగానే షాపులో స్ట్రిప్ ముక్కలు కత్తిరించి చిన్న కవర్లో వేసి ఇస్తారు. డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్ ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి. ఒక్కోసారి వాటితో చిన్న తెల్ల మాత్ర కూడా ఉంటుంది, అది స్టెరాయిడ్ కావచ్చు. నొప్పి ఇట్టే పోతుంది, షుగర్ ఎక్కి కూర్చుంటుంది. మీ బీపీ మాత్రలో ‘హెచ్’ అన్నది ఒంట్లో ఉప్పును, నీటిని మూత్రంలో పంపేసే మందు. అది, టెల్మిసార్టాన్, నొప్పి మాత్ర, పైగా ఎండలో చెమట. ఇవన్నీ కలిస్తే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఉదయగిరి నుంచి కనిగిరి దాకా కిడ్నీ జబ్బులు ఎలా ఉన్నాయో ఆ ప్రాంతం వాళ్లకి నేను చెప్పాలా? బీపీ మాత్ర మీ అంతట మీరు మానొద్దు. మానాల్సింది నొప్పి మాత్రలు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, గుండెకు ఈసీజీ చేయించి మీకు మందులు రాసే డాక్టర్‌కి చూపించండి. ఆ కవర్ కూడా తీసుకెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ మీకు పనికొస్తుందో లేదో, ఎంత మోతాదో ఆయన్నే అడగండి.

తిమ్మిరి షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న లక్షణం కావచ్చు. అలాంటి కాలికి తారు రోడ్డు కాలుతున్నా తెలియదు, గాజుపెంకు దిగినా తెలియదు. బొబ్బ లేచి, చితికి, చీము పట్టాక సాక్సుకి అంటిన మరక చూసి వస్తారు మా దగ్గరికి. అందుకే చెప్పులు లేకుండా నడవడానికి నేను ఒప్పుకోను. బాగా అలవాటైన బూట్లు, కాటన్ సాక్సులు వేసుకోండి. రోజూ రాత్రి వేళ్ల సందుల్లో సహా అరికాళ్లు స్నేహితుడి చేత టార్చి వేసి చూపించుకోండి. వేడి కాపడం, వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం వద్దు.

ఒంటిపూట భోజనం, మీ షుగర్ మాత్రలోని గ్లిమిపిరైడ్ రెండూ కలిస్తే ప్రమాదం. షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాల తర్వాత గ్లూకోమీటర్‌తో మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఇది మీకంటే మీతో నడిచేవాళ్లకు తెలియాలి. మొక్కు మార్చుకోలేనంటే మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టర్‌ని అడగండి.

కొండ ఎక్కడం వేరే లెక్క. అలిపిరి దారిలో 3,550 మెట్లు. బీపీ, షుగర్, గుండెజబ్బులు ఉన్నవాళ్లు నడక మార్గంలో రావద్దని టీటీడీయే సూచించింది. రిపోర్టులు బాగుంటే ఆలోచించండి, లేకుంటే కింద నుంచి బస్సెక్కండి.

దారిలో వాంతులు, విరేచనాలు అయితే అక్కడితో నడక ఆపి, ఏ మాత్రలు ఆపాలో డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. మూత్రం బాగా తగ్గినా, ఛాతీలో బరువుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. మిమ్మల్ని చూడకుండా రాస్తున్న సలహా ఇది, పరీక్ష చేసిన డాక్టర్ మాటే మీకు చివరి మాట.