పక్కింటి పిల్లులు ఆకుకూరల మళ్లు పాడుచేస్తుంటే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఇంటి వెనక కాస్త ఖాళీ స్థలంలో తోటకూర, గోంగూర, కొత్తిమీర మళ్లు వేసుకున్నాను. పక్కింటి ఆవిడ రోజూ పెరుగన్నం, చేప ముక్కలు పెడుతుంటే ఆరేడు పిల్లులు చేరాయి. రాత్రిళ్లు గోడ దూకి వచ్చి, విత్తనాలు చల్లిన మళ్లన్నీ గోకి, దొడ్డికి కూర్చుని పోతున్నాయి. మా అమ్మాయికి ఐదో నెల, ఇక్కడే ఉంది. ఆవిడకి చెబితే ‘అవి నావి కావు, వీధి పిల్లులు’ అంటున్నారు. మావారు విసిగిపోయి ఎలుకల మందు కొనుక్కొచ్చారు. మన స్థలంలోకి వచ్చినవాటిని ఏం చేసినా తప్పు లేదంటున్నారు. నిజమేనా? ఆవిడ మీద కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ మందు సంగతి చూడండి. మీరు రాసినవాటిలో మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫరవాలేదు గానీ ఇది ఇవాళే తేలాలి. మీవారు అనుకుంటున్నది తప్పు. కోపంలో చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 325వ సెక్షన్ ప్రకారం ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత చట్టంలో జంతువు విలువ పది రూపాయలా యాభై రూపాయలా అని చూసి శిక్ష మారేది, ఇప్పుడు ఆ లెక్క లేదు. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టగల నేరమిది. ‘వీధి పిల్లికి యజమానే లేడు, ఎవరికి నష్టం?’ అని కోర్టులో వాదించవచ్చు, కానీ ఆ వాదన వినిపించే రోజు వచ్చేసరికి మీవారు స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగి ఉంటారో ఆలోచించండి. పైగా రోజూ అన్నం పెట్టే ఆవిడ పక్కింట్లోనే ఉన్నారు. ఫిర్యాదు చేయడానికి ఇంకెవరూ రానక్కర్లేదు.

దానికి తోడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. 11వ సెక్షన్‌లో కొట్టడం, హాని చేసే మందు పెట్టడం, క్రూరంగా చంపడం, తిండీ నీళ్లూ దొరకని చోట వదిలేయడం అన్నీ నేరాలే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, అది చూసి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆ యాభై రూపాయలతో పాటు ఇందాక చెప్పిన 325 కూడా పెడతారని మర్చిపోతారు.

ఇంకో మాట. మందు కలిపిన చేప ముక్కని పిల్లి ఒక్కటే తినాలని ఎక్కడుంది? కాకి ఎత్తుకెళ్లి ఎవరి డాబా మీదో పడేస్తుంది, ఎవరింటి చంటిబిడ్డో నోట్లో పెట్టుకుంటాడు. విషపదార్థాన్ని మనుషులకు ప్రమాదం కలిగేలా అజాగ్రత్తగా వాడితే న్యాయ సంహితలోని 286వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది, ఇక ప్రాణం పోతే అజాగ్రత్తతో మనిషి చావుకు కారణమైనందుకు పెట్టే 106వ సెక్షన్ దాకా వెళుతుంది. గోడ మీద కరెంటు తీగ లాగుదామన్న ఆలోచన కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. దయచేసి వద్దు. పందుల కోసం పొలాల్లో పెట్టిన తీగలకు మనుషులు పోతున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

‘మన స్థలం’ అనే వాదనకు వద్దాం. ఆస్తిని కాపాడుకునే హక్కు నిజంగానే న్యాయ సంహితలో ఉంది, 35వ సెక్షన్. అయితే అది దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం లాంటి నేరాలకు ఎదురుగా ఇచ్చిన హక్కు. పిల్లి నేరం చేయదు. దానికి మన గోడ తెలియదు, హద్దురాయి తెలియదు. మడిలోంచి తరిమేయండి, చప్పుడు చేయండి, నీళ్లు చల్లండి, మళ్లీ రాకుండా అడ్డం కట్టండి, వీటిని ఎవరూ తప్పుపట్టరు. గాయపరచడం, చంపడం మాత్రం ఆ హక్కులోకి రావు. సంచిలో కుక్కి గోదావరి అవతల వదిలేసి వద్దామన్నా అంతే, అలా మోసుకెళ్లడం, వదిలేయడం కూడా 11వ సెక్షన్‌లోకే వస్తాయి.

ఇక ఆవిడ మీద కేసు. పెద్దవాళ్లు ఎవరైనా మీతో ‘చేలో పడ్డ గేదెని బందెలదొడ్డికి తోలినట్టు’ అని ఉండొచ్చు. ఆ పద్ధతి 1871 పశువుల అక్రమ ప్రవేశ చట్టంలోది. పంట పాడుచేసిన పశువును పట్టి 24 గంటల్లో దొడ్డికి పంపే హక్కు రైతుకు అందులో ఉంది. కానీ ఆ చట్టం దృష్టిలో పశువులంటే ఏవో అందులోనే రాసిపెట్టారు, ఏనుగులు, ఒంటెలు, గేదెలు, గుర్రాలు, గాడిదలు, పందులు, గొర్రెలు, మేకలు ఉన్నాయి గానీ పిల్లి లేదు. ఇంగ్లండ్‌లో 1926లోనే ఒకాయన, పక్కింటి పిల్లి తన పావురాలనీ కోళ్లనీ చంపిందని యజమాని మీద దావా వేసి ఓడిపోయాడు. పిల్లి తన సహజ స్వభావం కొద్దీ తిరిగి చేసినదానికి యజమాని బాధ్యుడు కాడన్నారు అక్కడి అప్పీలు కోర్టు వారు. ఆ తీర్పు మన కోర్టులు పాటించి తీరాలని లేదు, కానీ అవతలి లాయరు తప్పకుండా దాన్ని ముందు పెడతాడు.

సివిల్ కోర్టులో న్యూసెన్స్ కింద ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగొచ్చు, దారి మూసుకుపోలేదు. నిరూపించడమే కష్టం. మీ మడి గోకింది ఆవిడ అన్నం పెట్టే పిల్లేనని, అది ఆవిడ పెంపుడు పిల్లేనని, మీకు కలిగిన ఇబ్బంది ఇరుగుపొరుగు అన్నాక సహించే మామూలు ఇబ్బంది కంటే ఎక్కువని మీరు చూపించాలి. వీధి జంతువుకు తిండి పెట్టడాన్ని నేరంగా చెప్పే సెక్షన్ లేదు. ప్రాణుల పట్ల దయ చూపమని రాజ్యాంగం 51ఎ(జి)లో పౌరుడి విధిగా రాసింది కూడా. అన్నం మెతుకులు, చేప ముళ్లు రోజుల తరబడి కుళ్లి వాసన కొడుతుంటే మాత్రం అది పారిశుద్ధ్యం సమస్య, దాని గురించి నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఈమధ్య సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద ఇచ్చిన ఆదేశాలు టీవీలో చూసి పిల్లులకూ అవే వర్తిస్తాయనుకునేవాళ్లు ఉన్నారు, అవి కుక్కల గురించే. నా అభిప్రాయం అడిగితే, కొత్తిమీర మడి కోసం ఏళ్ల తరబడి నడిచే దావా వేయమని నేను ఏ క్లయింటుకూ చెప్పను.

అందుకే మడి దగ్గర చేయాల్సిన పని గురించి కూడా రాస్తున్నాను, ఇది లాయరు పని కాదనుకోకండి. పిల్లికి పొడిగా, గుల్లగా, ఖాళీగా ఉన్న మట్టి కావాలి. విత్తనం చల్లిన మడి సరిగ్గా అలాగే ఉంటుంది. చల్లిన రోజే కోళ్ల మెష్ ఒకటి మడి మీద పరిచి అంచుల్లో రాళ్లు పెట్టండి, మొలకలు కన్నాల్లోంచి పైకి వస్తాయి, పిల్లి గోకడానికి వీలుండదు. మెష్ లేకపోతే వెదురు బద్దలు జానెడు దూరంలో అడ్డదిడ్డంగా గుచ్చినా, అల్లిన కొబ్బరి మట్ట మొలకలు వచ్చేదాకా కప్పినా సరిపోతుంది. సాయంత్రం పూట నీళ్లు పెట్టి పైమట్టి తడిగా ఉంచండి. ఎదిగిన మొక్కల మధ్య ఖాళీ లేకుండా ఎండుగడ్డి, కొబ్బరి పీచు పరవండి. కలరా ఉండలు, ఫినాయిల్ వద్దు. అవి పిల్లికి విషం, మీరు తినే ఆకుకూర పక్కన వేసే వస్తువులూ కావు. కారప్పొడి కూడా వద్దు, దాని కళ్లూ పాదాలూ మండటం తప్ప ఒక్క తడి పెడితే కొట్టుకుపోతుంది. గోడ మీద గాజుపెంకులు ఉంటే వాటిని నమ్ముకోకండి, పిల్లి వాటి మధ్యలోంచి నడిచిపోతుంది, గోడ ఎక్కిన పిల్లాడికి చెయ్యి తెగుతుంది.

అలాగే రాత్రి వచ్చేది పిల్లేనా అని ఒకసారి టార్చి వేసి చూడండి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల మీద, అటకల్లో మానుపిల్లులు (పునుగుపిల్లి జాతి అడవి జంతువులు) ఉంటాయి. అదే అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వస్తుంది, దాన్ని పట్టుకోవడం కూడా తప్పే, అటవీశాఖకు చెప్పాలి.

మీరు రాసినవాటన్నిటిలో నాకు నిజంగా ఆందోళన కలిగించింది మీ అమ్మాయి విషయం. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వ్యాపించవచ్చు, గర్భిణికి అప్పుడు కొత్తగా సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. ప్రతి పిల్లిలోనూ ఉంటుందని కాదు, భయపడొద్దు. కానీ అమ్మాయిని మళ్లలో చెయ్యి పెట్టనివ్వకండి. ఆ మలం ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటించే స్థితికి వస్తుంది కాబట్టి రోజూ పొద్దున్నే మీరో మీవారో చేతికి గ్లౌజులు వేసుకుని తీసేయండి. ఆ మడి ఆకుకూర బాగా కడిగి, ఉడికించే పెట్టండి, పచ్చి కొత్తిమీర కొన్నాళ్లు ఆపండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారికి సంగతి చెప్పండి.

పక్కింటి ఆవిడతో మాట్లాడేటప్పుడు కూడా ఇదే ముందు చెప్పండి. ఇన్నాళ్లూ గోడ ఇవతల నుంచి పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనుకుని ఉంటారు, ఇప్పుడు మీరే వాళ్లింటికి వెళ్లి కూర్చుని ‘అమ్మాయి కడుపుతో ఉందండీ, నాకు భయంగా ఉంది’ అనండి. అడగాల్సినవి రెండే. వాళ్ల పెరట్లో ఓ మూల పొడి ఇసుక పోసి ఉంచమనండి, అది దొరికితే చాలా పిల్లులు అక్కడికే అలవాటు పడతాయి. రెండోది, పశువుల డాక్టరుని కనుక్కుని ఆడపిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామనండి, ఖర్చులో మీరూ కొంత పెట్టుకుంటామనండి. పిల్లి చూలు కట్టిన రెండు నెలలకే ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు. ఇవాళ ఆరేడు ఉన్నవి వచ్చే సంక్రాంతికి ఎన్నవుతాయో ఆవిడకీ తెలుసు.

ఒప్పుకోకపోతే అప్పుడు రాజమహేంద్రవరం కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ ఇవ్వండి. దావా వేయకముందే రాజీ కోసం ఇద్దరినీ పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు, మహిళ కాబట్టి మీకు ఉచిత న్యాయసహాయం కూడా హక్కుగా వస్తుంది. వివరాలకు 15100కి ఫోన్ చేయొచ్చు. అర్జీతో పాటు పాడైన మళ్ల ఫొటోలు తేదీలతో పెట్టండి. ఆ ఎలుకల మందు ప్యాకెట్ మాత్రం మీవారి చేతే ఇవాళే కొట్లో వాపసు ఇప్పించేయండి.