టిక్ పెట్టే ముందు

బుజ్జీ,

యుద్ధంలో దెబ్బతిన్న చోట జనానికి ఏం కావాలో సర్వే చెయ్యడానికి వెళ్తున్నావని, వీసా వచ్చిందని మీ నాన్న చెప్పాడు. ఆదివారం సంతోష్‌నగర్ వస్తావుగానీ, పచ్చళ్ళు కట్టే హడావుడిలో మీ పెద్దమ్మ నన్ను నోరెత్తనివ్వదు. అందుకే రాస్తున్నా.

1990 డిసెంబరు అల్లర్లప్పుడు పాతబస్తీలో ఒక సందుకి సర్వేకి వెళ్ళాం. గోడకి కుళాయి కనిపించింది. 'నీళ్ళు వస్తాయి' అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. 'నీటి వసతి' గడిలో టిక్ పెట్టేశాను. తిరిగొస్తుంటే ఒక గడప దగ్గర రెండు బిందెలు బోర్లించి ఉన్నాయి. అడిగితే ఆవిడ ఉర్దూలో చెప్పింది: నీళ్ళు వదిలేది తెల్లవారుజామున, కర్ఫ్యూ సడలించేది మధ్యాహ్నం. ఇంక పట్టుకునేదెప్పుడు?

2017లో ఇరాక్‌లోని మోసుల్‌లోనూ అదే కథ. యుద్ధంలో టైగ్రిస్ నది మీది అయిదు వంతెనలూ దెబ్బతిన్నాయి. ఆసుపత్రి ఉందా అంటే ఉంది, నదికి అవతల. నొప్పులొచ్చిన మనిషికి అదెంత దూరమో మ్యాపు చెప్పదు, పడవవాడు చెబుతాడు.

కాబట్టి 'ఉందా' అని అడగకు. 'నిన్న నీళ్ళు ఎన్ని తెచ్చుకున్నారు?' అని అడుగు. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం. లీటర్లలో ఎవరూ చెప్పరు. వాళ్ళ డబ్బా చూపించమను. 20 లీటర్లవి రెండు, ఇంట్లో ఎనిమిది మంది అంటే తలకి 5. లెక్క వాళ్ళ ముందే వెయ్యి, తప్పుంటే వాళ్ళే దిద్దుతారు.

ముందుగా ఎదురొచ్చి మాట్లాడేవాళ్ళతో ఆగిపోకు. మంచం మీదున్న ముసలాయన, మగదిక్కు లేని ఇల్లు, వీళ్ళు వీధి మొదట్లో కనిపించరు. మరుగుదొడ్డి మాట మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు ఎత్తరు. వాళ్ళతో విడిగా కూర్చో, చీకటిపడ్డాక ఎలా వెళ్తున్నారో అడుగు.

ఎవరు టీకి పిలిచినా శిథిలాల మీదుగా అడ్డదారిలో వెళ్ళకు. పేలని బాంబులు ఎక్కడైనా ఉంటాయి. మందుపాతర్లు తీసినవాళ్ళు గుర్తుపెట్టిన దారే దారి. ఇందులో నాకు మొహమాటం లేదు, నీకూ ఉండకూడదు.

ఫారం మీద పేర్లు రాయకు. చెక్‌పోస్టులో ఎవరు గుంజుకుంటారో తెలీదు.

ఇంకొకటి. ఆ బిందెల ఆవిడకి 'రేపు ట్యాంకరు పంపిస్తాం' అని మాటిచ్చింది నేనే. నా చేతిలో ట్యాంకరు ఎక్కడిది? మర్నాడు ఆ సందు మొహం చూడలేక వేరే వార్డు అడిగి తీసుకున్నాను. నువ్వు మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వకు.

వచ్చేటప్పుడు మీ ఫారం కాపీ ఒకటి తీసుకురా. గడులు చూద్దాం.

మీ పెదనాన్న