క్లాసంతా కమ్యూనియన్‌కి తయారవుతుంటే మావాడొక్కడే...

అయిదేళ్లుగా ఐర్లండ్‌లో ఉంటున్నాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ వేసవిలో డబ్లిన్ శివార్లలో ఇల్లు కొనుక్కుని మారాం. ఇదివరకు బాబు ఎడ్యుకేట్ టుగెదర్ అనే, ఏ మతానికీ చెందని సంస్థ వాళ్ల స్కూల్లో చదివాడు. అక్కడ అన్ని మతాల పిల్లలూ ఉండేవాళ్లు. కొత్తింటి దగ్గర సీటు దొరికింది క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లోనే. ఆగస్టు ఆఖర్లో తెరిచారు. వాడికి ఏడు నిండాయి, సెకండ్ క్లాస్. మొదటి వారంలోనే టీచర్ కాగితం పంపారు. ఈ ఏడు పిల్లలకి ఫస్ట్ హోలీ కమ్యూనియన్, అంటే చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుక ఉందట, మే నెలలో. చర్చిలో తల్లిదండ్రులకి మీటింగ్ కూడానట. క్లాసులో మావాడు తప్ప హిందువుల పిల్లలు లేరు. "అమ్మా, నాకూ కోటు కొంటారా?" అని రోజూ అడుగుతున్నాడు. మూడు నెలలకని విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు, వాడు అన్నం ముందు కూర్చుని సిలువ గుర్తు వేసుకోవడం చూసి "అట్లా చెయ్యకు, కళ్లు పోతాయి" అన్నారు. మర్నాటి నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. మావారేమో "నేనూ కాన్వెంట్‌లోనే చదివా, నాకేమైంది?" అని కొట్టిపారేస్తారు. గేటు దగ్గర తల్లులంతా కబుర్లు చెప్పుకుంటుంటే నేను ఫోన్ చూసుకుంటూ నిలబడతాను. స్కూలు మార్చేద్దామా?
– ఒక తల్లి, డబ్లిన్

అమ్మా, ముందు కడుపునొప్పి సంగతి చూద్దాం. శని, ఆదివారాల్లో కూడా వస్తోందా? రాత్రి నిద్రలో లేచి ఏడుస్తున్నాడా? తిండి తగ్గిందా? వీటిలో ఏ ఒక్కటున్నా నా జవాబు పక్కన పెట్టి మీ జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించండి. బడి ఉన్న రోజు మాత్రమే వచ్చి, పదింటికల్లా పోయే నొప్పి అయితే అది చాలావరకు భయమే. అలాగని అబద్ధం కాదు, ఆ వయసులో భయం నిజంగానే కడుపులో నొప్పెడుతుంది. "నాటకాలాడుతున్నాడు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఓ ముద్ద తక్కువ తిన్నా సరే, బడికి మాత్రం పంపండి. ఒక రోజు ఇంట్లో ఉంచేస్తే మర్నాడు గేటు దాటడం వాడికి ఇంకా కష్టమవుతుంది.

ఇక మీవారన్న మాట. అందులో సగం నిజం ఉంది. నేనూ గుంటూరులో సిస్టర్స్ నడిపే బడిలోనే చదివాను. పొద్దున ప్రేయర్‌లో 'అవర్ ఫాదర్' గడగడా అప్పజెప్పేదాన్ని, సాయంత్రం మా నాయనమ్మ పక్కన కూర్చుని 'శుక్లాంబరధరం' చెప్పేదాన్ని. లెక్కల పరీక్ష రోజు రెండూ చదువుకునేదాన్ని, ఎందుకైనా మంచిదని. నాకూ ఏమీ కాలేదు. అయితే ఒక్క తేడా ఉంది. మా క్లాసులో క్యాటకిజం, అంటే మతబోధ పీరియడ్‌కి క్యాథలిక్ పిల్లలు లేచి వేరే గదికి వెళ్లేవాళ్లు. మిగిలిన మేమంతా మోరల్ సైన్స్‌కి కూర్చునేవాళ్లం. లేచి వెళ్లేది ఏడెనిమిది మంది, కూర్చునేది నలభై మంది. క్రైస్తవ బడిలో కూడా వేరుగా కనబడింది వాళ్లే, మేం కాదు. మీవారి కాన్వెంట్‌లోనూ అంతే అయ్యుంటుంది, అడిగి చూడండి. మీ బాబు దగ్గర ఆ లెక్క తిరగబడింది. అక్కడ లేచి పక్కకు వెళ్లాల్సింది వాడొక్కడే. "నాకేమైంది" అన్న మాట వాడికి పనికిరాదు.

అలాగని ఆ బడి మీ పిల్లాణ్ణి మార్చేయడానికి కాచుక్కూర్చుందని అనుకోకండి. ఐర్లండ్‌లో పదింట దాదాపు తొమ్మిది ప్రైమరీ స్కూళ్లు బిషప్ పేట్రన్‌గా, అంటే పెద్దదిక్కుగా ఉన్న క్యాథలిక్ బడులే, టీచర్లకి జీతాలిచ్చేది మాత్రం ప్రభుత్వం. మన ఊళ్లలో ఎయిడెడ్ స్కూలు లాంటిదన్నమాట. కాబట్టి అక్కడ చేరే పిల్లలందరూ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు కారు. చాలా ఇళ్లకి కమ్యూనియన్ అంటే భక్తి కొంత, బంధువుల పండగ కొంత. అమ్మమ్మా తాతయ్యా వస్తారు, ఆడపిల్లకి తెల్లగౌను, మగపిల్లాడికి కోటు, కవర్లలో డబ్బులు, పెరట్లో పిల్లలు గెంతడానికి గాలి నింపిన కోట. మన కోస్తాలో చేసే ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్ గుర్తు తెచ్చుకోండి. కొత్తబట్టలు, ఫొటోలు, చదివింపులు! మీవాడు అడుగుతున్న కోటు ఏసుప్రభువు కోసం కాదు, ఆ ఫంక్షన్‌లో తనూ ఉండాలని.

అత్తగారి భయానికి కూడా ఇక్కడే మందుంది. జ్ఞానస్నానం (బాప్తిజం) పొందని వాళ్లకి క్యాథలిక్కులు సత్ప్రసాదం, అంటే కమ్యూనియన్‌లో ఇచ్చే ప్రసాదం ఇవ్వరు. మీరు అడిగినా ఇవ్వరు. తల్లిదండ్రులు వద్దంటుంటే పసివాడికి జ్ఞానస్నానం ఇవ్వడమూ జరగదు. అంటే క్లాసుతో పాటు కూర్చుని పాటలు నేర్చుకున్నంత మాత్రాన వాడు ఎందులోనూ కలిసిపోడు. చర్చికి వెళ్లినా చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ దీవించి పంపిస్తారు, అంతే.

చట్టం సంగతి మీవారికి చెప్పండి. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ బడిలోనైనా మతబోధకు కూర్చోకుండా చదువుకునే హక్కు పిల్లలకి ఐర్లండ్ రాజ్యాంగంలోనే, 44వ అధికరణంలో ఉంది. 2018 నాటి అడ్మిషన్ చట్టం వచ్చాక క్యాథలిక్ ప్రైమరీ బడులు సీటివ్వడానికి బాప్తిజం సర్టిఫికెట్ చూసే పద్ధతి పోయింది. మతబోధ వద్దన్న పిల్లల కోసం ఏం ఏర్పాటు చేస్తారో, బడిలో ఉండే సమయం తగ్గకుండా ఎలా చూస్తారో తమ అడ్మిషన్ పాలసీలో రాసిపెట్టాలని కూడా ఆ చట్టం చెబుతోంది. మీ బడి పాలసీ తెరిచి ఆ పేరా చదవండి. నిర్ణయం తీసుకునేటప్పుడు అది చేతిలో ఉంటే మాట తడబడదు.

నిర్ణయం మాత్రం మీ ఇద్దరిదే. రెండు దారులున్నాయి, రెండూ తప్పు కాదు. పూర్తిగా వద్దనుకోవచ్చు. లేదా పాటలూ కథలూ విననిచ్చి, చర్చి రోజున అతిథిలా కూర్చోబెట్టి, ప్రసాదం వరకు మాత్రం వద్దనుకోవచ్చు. నన్నడిగితే మీవాడి తీరు చూసి రెండోదే అంటాను. కానీ నా ఓటు లెక్కలోకి రాదు. వాడికి చేటు చేసేది మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న మూడోదారి. నాన్న సరే అంటాడు, నాయనమ్మ కళ్లు పోతాయంటుంది, అమ్మ మాట్లాడదు. రోజూ పొద్దున టీచర్ దండం పెట్టమన్నప్పుడు ఎవరి మాట వినాలో తేల్చుకోవాల్సింది ఏడేళ్లవాడు. కడుపు నొప్పెట్టదూ!

వాడు నిద్రపోయాక ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ వారంలోనే టీచర్‌ని టైమ్ అడిగి ఇద్దరూ కలిసి వెళ్లండి. గేటు దగ్గర నిలబడి చెప్పే విషయం కాదిది. బాబు చేత కబురు పంపే విషయం అసలే కాదు. "మాది హిందూ కుటుంబం, మేం ఇలా అనుకున్నాం" అని చెప్పి, చిన్న చిన్న విషయాలు అడగండి. మతం క్లాసు అరగంటసేపు వాడు ఎక్కడ కూర్చుంటాడు, ఏం చేస్తాడు? అందరూ రిహార్సల్‌కి చర్చికి నడిచి వెళ్లిన రోజు వాడి దగ్గర ఎవరుంటారు? పాటల గుంపులో నిలబడొచ్చా? చాలా బడుల్లో ఇలాంటి పిల్లల్ని వెనకబల్ల మీద కూర్చోబెట్టి బొమ్మకి రంగులేయమంటారు. దురుద్దేశంతో కాదు, గదీ ఒక్కటే, టీచరూ ఒక్కరే కనుక. ఏడాది పొడుగునా రంగులేయడం ఎవరికైనా విసుగే. వాడికి నచ్చిన పుస్తకమో, తెలుగు అక్షరాల కాపీ పుస్తకమో మీరే పంపుతామనండి. "ఇది నా తెలుగు టైమ్" అని వాడు చెప్పుకోగలిగితే వెనకబల్ల అంత వెనక అనిపించదు.

కోటు సంగతి. "అది మనది కాదు" అని అక్కడితో ఆపేయకండి. "కమ్యూనియన్ వాళ్ల ఇళ్ల పండగ, నీ పండగలు వేరే ఉన్నాయి, ఆ రోజు మనం వాళ్లకి చప్పట్లు కొట్టడానికి వెళదాం" అనండి. అతిథిగా వెళ్లేవాడికి కోటెందుకు ఉండకూడదు? నేనైతే కొంటాను. మీ ఇళ్లలో పంచెలు కట్టించే ఆనవాయితీ ఉంటే వాడి వంతు ఎప్పుడో కూడా చెప్పండి. కాకపోతే కమ్యూనియన్‌కి పోటీగా వచ్చే మే నెలలోనే పెట్టుకోకండి.

దీపావళి వాళ్ల మిడ్‌టర్మ్ సెలవులకి అటో ఇటో వస్తుంది. క్లాసుకి ఏదైనా తీసుకెళ్లాలని మీకే అనిపిస్తుంది. అలర్జీల వల్ల అక్కడి చాలా బడుల్లో జీడిపప్పు, బాదం లాంటి నట్స్ రానివ్వరు, కాబట్టి జీడిపప్పు మిఠాయి డబ్బా పట్టుకెళ్లి గేటు దగ్గరే వెనక్కి రాకండి. టీచర్‌ని ముందే అడగండి. తినేవేమీ వద్దంటే నాలుగు మట్టి ప్రమిదలు, రంగులు చాలు. ఆ అరగంట వాడు ముందుబల్ల దగ్గర నిలబడతాడు.

అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు చెబితే గొడవ అవుతుంది, కొడుకు చెబితే అలక అవుతుంది. అలక తీరుతుంది. ఆవిడది విజయవాడ అన్నారు కదా, గుణదల కొండ ఎన్నిసార్లు ఎక్కారో అడగమనండి. ఏటా ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకి కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలిచ్చే వాళ్లలో ఎంతమంది హిందువులో బెజవాడ వాళ్లకి మనం చెప్పనక్కర్లేదు. మన క్యాథలిక్కులు కూడా ఆదివారం పొద్దున "గుడికెళ్తున్నాం, పూజకి టైమయింది" అంటారు. ఆ కొండ ఎక్కినప్పుడు పోని కళ్లు మనవడికి మాత్రం ఎందుకు పోతాయి? ఈ మాట దెప్పినట్టు కాకుండా నవ్వుతూ అనాలి. ఆవిడ భయం దేవుడి గురించి కాదని నాకనిపిస్తోంది. ఈ పిల్లాడు ఇంక మన ఊరివాడిగా మిగలడేమోనని. ఆ దిగులు మాత్రం నిజమైనదే, దాన్ని నవ్వి తీసిపారేయకండి. రాత్రిపూట కథ చెప్పే పని ఆవిడకే అప్పజెప్పండి. అలాగే "కళ్లేం పోవు నాన్నా, నేనేదో అన్నాను" అనే ముక్క వాడితో ఆవిడే అనాలి. మీరెన్నిసార్లు చెప్పినా ఆ మాట అన్నవాళ్ల నోటితోనే పోవాలి.

స్కూలు మార్చడం వద్దు, కనీసం ఇప్పుడు వద్దు. కొత్త ఇల్లు, కొత్త బడి, మళ్లీ ఇంకో బడి అంటే మూడో మార్పు. పాత తరహా బడే కావాలని మనసులో ఉంటే దగ్గర్లో ఎడ్యుకేట్ టుగెదర్ స్కూల్లో దరఖాస్తు పెట్టుకోండి. కానీ వాడికి చెప్పకండి. వెళ్లిపోతామని తెలిస్తే ఇక్కడ స్నేహాలు చేసుకోడు.

గేటు దగ్గర నిలబడే విషయం మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ, ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. ఆ తల్లులు జూనియర్ ఇన్ఫాంట్స్ నుంచి, అంటే నాలుగేళ్ల వయసు పిల్లలతో మొదలుపెట్టి, మూడేళ్లుగా ఒకే గేటు దగ్గర నిలబడుతున్నారు. కొందరు చిన్నప్పుడు అదే బడిలో చదివి ఉంటారు. వాళ్లది చిన్నచూపు కాదు, అలవాటు. మీరు ఫోన్ చూసుకుంటుంటే మీకు పని ఉందనుకుంటారు. రేపట్నుంచి ఫోన్ సంచిలో పెట్టి, రోజూ ఒకే చోట నిలబడండి. స్నేహం చేసుకోవాలని కాదు, చిన్న సమాచారం అడగండి. ట్రాక్‌సూట్ వేసే రోజు ఏది? లైబ్రరీ పుస్తకం ఎప్పుడివ్వాలి? క్లాసు వాట్సాప్ గ్రూపులో నన్ను చేరుస్తారా? సాయం అడిగిన మనిషితో మాట కలపడం ఎవరికైనా తేలిక. "హౌ ఆర్ యూ" అంటూ ఆగకుండా వెళ్లిపోతే నొచ్చుకోకండి, అక్కడ అది ప్రశ్న కాదు, నమస్కారం. పేరెంట్స్ అసోసియేషన్‌లో చేరడానికి ఏ మతమూ అడ్డు కాదు. కమ్యూనియన్ రోజున చర్చి అయ్యాక స్కూలు హాల్లో టీ, కేకులు పెట్టే ఆచారం చాలాచోట్ల ఉంది. మీ బడిలో ఉంటే టీ పోసే పనికి మీ పేరివ్వండి. మీవాడు కోటేసుకుని కప్పులు అందిస్తాడు.

అత్తగారు నవంబరులో తిరిగి వెళతారనుకుంటాను. ఈలోపు ఒక్క రోజైనా బాబుని గేటు దాకా ఆవిణ్ణే తీసుకెళ్లమనండి. చీర మీద స్వెట్టర్ వేసుకునే వెళ్లనివ్వండి. సాయంత్రం వాడు బయటికొచ్చి, స్నేహితుడికి "మై నాయనమ్మ" అని చూపించినప్పుడు ఆవిడ పక్కనే మీరూ ఉండండి.