బోల్టులతో లాగి బిగించకండి

మీ 1969 షెవ్రోలే కమారో కారుకి రీబిల్డ్ చేయించిన టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎక్కిస్తుంటే ఇంజనుకూ బెల్ హౌసింగుకూ (గేర్‌బాక్సు ముందుండే గంట ఆకారపు తొడుగుకూ) మధ్య వేలెడు సందు మిగిలిందనీ, బోల్టులు బిగిస్తే అదే దగ్గరవుతుందని గుంటూరు మెకానిక్ అంటున్నాడనీ రాశారు. దయచేసి ఆయన్ను ఆపండి! ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోలేదు. అలాగే బిగిస్తే గేర్‌బాక్సులోని ఆయిల్ పంపు పగులుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో అలా పగిలిన పంపును చేతిలో పట్టుకుని నేను ఎంత బాధపడ్డానో ఇప్పటికీ మరచిపోలేదు.

గేర్‌బాక్సును కిందికి దించి, మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. కన్వర్టర్‌ను నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నెట్టండి. రెండు షాఫ్టుల పళ్లు, ఆ తర్వాత పంపు గాడులు ఒక్కొక్కటిగా అందుకుంటాయి. ప్రతిసారీ కన్వర్టర్ కాస్త లోపలికి జారడం చేతికి తెలుస్తుంది. మూడోసారి జారేదాకా ఓపిక పట్టండి. అప్పుడు హౌసింగు చేతితోనే ఇంజనుకు ఆనుతుంది. బోల్టులు బిగించాక కూడా కన్వర్టర్ చేతితో స్వేచ్ఛగా తిరగాలి, ఇంజను వెనక ఉండే పలుచని చక్రం ఫ్లెక్స్‌ప్లేటుకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరం ఉండాలి.

స్టార్ట్ చేసేముందు గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌కు వెళ్లే కూలర్ గొట్టాలను తప్పక కడిగించండి, పాత గేర్‌బాక్సు రజను అందులోనే ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండలకు విడిగా మరో కూలర్ పెట్టిస్తే ఇంకా మంచిది.